ముఖ పక్షవాతానికి కండ మార్పిడి: బీమా ఆఫీసులో నాకు జరిగింది

నిన్న సాయంత్రం బీమా డబ్బు ఖాతాలో పడింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను, నాలాంటి వాళ్లెవరికైనా పనికొస్తుందని.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రావులపాలెం నుంచి బండి మీద వస్తుంటే కొబ్బరికాయల లారీ తగిలి పడిపోయాం. చెవి వెనక ఎముక చిట్లి, అందులోంచి వెళ్లే ముఖ నరం దెబ్బతింది. ఎడమ పక్కంతా కదలిక పోయింది. "దానంతటదే వచ్చేస్తుందిలేమ్మా" అన్నవాళ్లు, పసరు కట్టించమన్నవాళ్లు, కరెంటు పెట్టించమన్నవాళ్లు కలిసి నాకు రెండేళ్లు దాటించేశారు. అన్నాళ్లు నరం అందకపోతే ముఖంలో కండలు ఎండిపోతాయని, ఆ తర్వాత నరం కలిపినా పలకవని, వేరే చోటి నుంచి కండ తేవాల్సిందేనని విశాఖలో ప్లాస్టిక్ సర్జన్ గారు చెప్పేదాకా ఒక్కరూ చెప్పలేదు. మూడు నాలుగు నెలలైనా కదలిక రాకపోతే పసరు మాట కట్టిపెట్టి సర్జన్ దగ్గరికి వెళ్లండి.

మొదటి ఆపరేషన్‌లో పిక్క నుంచి నరం తీసి, బాగున్న కుడి బుగ్గ నరానికి కలిపి, పై పెదవి లోపలి నుంచి ఎడమ పక్కకి తెచ్చారు. నరం రోజుకి సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది, అందుకని ఏడాది దాకా ఆగాలి. చిగురు పైన వేలితో తడితే జివ్వుమంది, నరం చేరిందన్నారు. రెండోసారి తొడ లోపలి పక్క గ్రాసిలిస్ అనే కండలో ముక్క తీసి బుగ్గలో పెట్టి, రక్తనాళాలనీ నరాన్నీ మైక్రోస్కోపు కింద కుట్టారు. ఆ కండ తీసినా నడకకి ఇబ్బంది లేదు. తెచ్చిన కండని నమిలే కండకి వెళ్లే నరానికి కలిపితే ఒక్క ఆపరేషన్‌తో అయిపోతుంది గానీ మామూలుగా పళ్లు బిగిస్తేనే నవ్వు వస్తుందన్నారు. దానంతటది వచ్చే నవ్వే కావాలన్నాను.

కత్తికి నేను భయపడలేదు. నన్ను ఏడిపించింది బీమా ఆఫీసు.

మొదటి ఆపరేషన్‌కి డబ్బు కట్టింది ఆ సంస్థే. రెండోదానికి అనుమతి అడిగితే "కాస్మెటిక్, వర్తించదు" అని ఒక్క ముక్క మెసేజ్. ఫైలు పట్టుకుని మా ఆయనా నేనూ వెళ్లాం. హాలు నిండా జనం. సీట్లో ఉన్నాయన నా ఫోటోలు ఒక్కొక్కటీ ఎత్తి చూసి, పక్క సీటాయనకీ చూపించాడు. "ఏదీ, ఓసారి నవ్వండి మేడమ్" అన్నాడు. నవ్వాను. కుడి పక్క పైకి వెళ్లింది, ఎడమ మూల నుంచి చొంగ కారింది. కొంగుతో తుడుచుకున్నాను. "తింటున్నారు, మాట్లాడుతున్నారు. పెళ్లయింది, పిల్లలున్నారు. ఇంకా అందం ఎందుకండీ?" అన్నాడు.

మా ఆయన లేచిపోయారు. చెయ్యి పట్టి కూర్చోబెట్టి నేనే చెప్పాను. "ఒకటో తరగతికి పాఠం చెబుతానండి. ప, ఫ, బ, భ, మ పెదాలు కలవందే పలకవు. ఎడమ పెదవి వేలితో ఎత్తి పట్టుకుని పలుకుతున్నాను. అలాగే పలకాలి కాబోలనుకుని పిల్లలూ పెదవికి వేలు పెట్టుకుంటున్నారు. అన్నం బుగ్గలో ఇరుక్కుంటే వేలుతోనే తీసుకోవాలి. ఇది అందం సంగతా?" "రూల్సండి" అని ఫైలు నా వైపు తోసేశాడు. నా వెనక నిలబడ్డ పెద్దావిడ నా భుజం మీద చెయ్యి వేసేదాకా నేను ఏడుస్తున్నానని నాకే తెలీలేదు.

ఇంటికొచ్చి ఆ రూలే చదివాను. బీమా సంస్థల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ పెట్టిన ఎక్స్‌క్లూజన్ 08, అంటే కాస్మెటిక్ సర్జరీకి డబ్బు ఇవ్వక్కర్లేదనే మినహాయింపు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి ఆ మినహాయింపు లేదని అందులోనే ఉంది! నాకు ఎఫ్‌ఐఆర్ ఉంది, ఎముక చిట్లిన స్కాన్ ఉంది. అక్షరాలు నేర్పేదాన్ని, ఒక వాక్యం చివరిదాకా చదవగలను.

బంగారం తాకట్టు పెట్టి ఆపరేషన్ చేయించుకుని బిల్లులు పంపాను. తిరస్కరణ కాగితం మీద ఇమ్మని పట్టుబట్టాను. మీరూ నోటిమాటతో తిరిగి రావద్దు. ముందు సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. అక్కడా కాదంటే ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌కి, అంటే సంస్థకీ మనకీ మధ్య తగవు తీర్చే అధికారికి. మనకి హైదరాబాద్ ఆఫీసు, యానాం వాళ్లకీ అదే. ఫీజు లేదు, లాయరు లేడు. మన మాట మనమే చెప్పుకోవాలి, నేను చెప్పుకున్నాను. నాకు బాగా పనికొచ్చింది సర్జన్ గారి ఉత్తరం. "ప్రమాదంలో పోయిన కదలికని తిరిగి తేవడానికి" అని స్పష్టంగా రాశారు. "నవ్వు కోసం" అని మాత్రమే రాస్తే ఒప్పుకోకండి, మార్పించుకోండి.

రెండో ఆపరేషన్ అయిన కొన్ని నెలలకి బుగ్గలో చిన్నగా అదిరింది. రోజూ అద్దం ముందు సాధన చేస్తుంటే ఇప్పుడు మూల పైకి లేస్తోంది, కుడి పక్కంత కాదు. చొంగ తగ్గింది. "బడి" అనడానికి వేలు అక్కర్లేదు. పిక్కలో నరం తీసినందుకు పాదం బయటి అంచు మొద్దుబారింది, అది అలాగే ఉంది.

కన్ను మాత్రం ఈ కండతో మూతపడదు. రాత్రిళ్లు మందు వేసి టేపు అంటిస్తున్నాను. పై రెప్పలో చిన్న బంగారు బిళ్ల పెడితే ఆ బరువుకి మూతపడుతుందట. వచ్చే నెల రాజమండ్రిలో కంటి డాక్టరు గారికి చూపించుకోవాలి. ఈసారి ఉత్తరం ముందే రాయించుకుంటాను.