వేలు ఒక వరుస మీద, నోరు ఇంకో వరుస మీద

శుక్రవారం రాత్రి.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి కమిటీ కూర్చుంటుంది. మన చర్చి ఎలిమెంటరీ స్కూల్లో ఏం బాగుంది, ఏం బాగుచేసుకోవాలి, రాసుకుని రమ్మని పాస్టరు అయ్యగారు నాకు పురమాయించారు. అందుకే ఇవాళ ఆఫీసుకి సెలవు పెట్టి, పొద్దుటి గంట కొట్టిన దగ్గర్నుంచి బడి వదిలేదాకా అక్కడే ఉన్నాను.

మా హెచ్చెమ్ గారికి ప్రతి పిల్లా ఎవరింటి పిల్లో, ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారో తెలుసు. రెండో తరగతి పాప ఒకతి రాలేదు. హాజరు పిలుస్తూనే ఆవిడ ఫోను తీశారు. "ఏమ్మా, పాపని పంపలేదేం? ఒంట్లో బాగోలేదా?" అవతల అమ్మమ్మ. తల్లి కువైట్‌లో పనికి వెళ్తే, ఈవిడ లేసు అల్లుకుంటూ మనవరాల్ని సాకుతోంది. కాసేపటికి పాపని ఎవరో సైకిలు మీద తెచ్చి దింపారు. వేలకు వేలు ఫీజు కట్టించుకునే చోట ఈ పలకరింపు దొరుకుతుందా? నాకైతే నమ్మకం లేదు. భోజనం సంగతీ అంతే. పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు ఉంది. ఆవిడ అన్నం పెట్టిన లంకల గన్నవరం మాకు వశిష్ఠ గోదావరి దాటితే వచ్చే కోనసీమలోనే ఉంది కాబట్టి, వండే అమ్మలు ఆ పేరుని గౌరవంగా చూస్తారు. మారు అడిగిన పిల్లాడిని ఎవరూ కసరలేదు.

ఇక పాటలు! మా పిల్లలు పాడితే కాలవ అవతల గట్టు మీద నడిచేవాళ్లు కూడా ఆగుతారు. ఎక్కాలు, పద్యాలు, కీర్తనలు, అన్నీ నోటికే.

నా దిగులు మొదలైంది కూడా అక్కడే. మూడో తరగతి అబ్బాయి ఒకడు 23వ కీర్తన బైబిలు తెరిచి చదువుతానన్నాడు. గొంతు ఖంగుమంది, ఒక్క మాట తడబడలేదు. కానీ వాడి వేలు చూశాను. వేలు రెండో వచనం మీదే ఉండిపోయింది, నోరు నాలుగో వచనం దాటిపోయింది. పలక తీసుకుని 'మా తాత చెరువు గట్టు మీద గడ్డి కోశాడు' అని రాసిచ్చాను. 'మా తాత' వరకు చదివాడు. 'చెరువు' కూడబలుక్కున్నాడు. 'గట్టు' దగ్గర వత్తు చూసి ఆగిపోయి, నా మొహంలోకి చూశాడు. తెలివి తక్కువ పిల్లాడు కాదు. అంత కీర్తన గుర్తు పెట్టుకున్నవాడికి వత్తులు రాకపోవడం ఏమిటి? అందరూ కలిసి గట్టిగా చదువుతుంటే, రానివాడి గొంతు వచ్చినవాళ్ల గొంతులో కలిసిపోతుంది. టీచరు చెవికి అంతా వచ్చినట్టే వినిపిస్తుంది.

ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 2005 నుంచి పల్లెల్లో చేస్తున్న అసర్ సర్వేలో ఒక్కో పిల్లనీ విడిగా కూర్చోబెట్టి చదివిస్తారు. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ. ఎక్కడ ఆగితే అక్కడి నుంచి నేర్పాలన్నమాట. దీనికి డబ్బక్కర్లేదు, తీరిక కావాలి. ఆ తీరికే లేదు. ఐదు తరగతులకి ఇద్దరే టీచర్లు. 60 మంది లోపు పిల్లలుంటే ఇద్దరు చాలని విద్యాహక్కు చట్టంలోనే ఉంది, కాబట్టి కాగితం మీద లోటు కనిపించదు. ఒకరు యాప్‌లో హాజరు, భోజనం లెక్కలు ఎక్కిస్తుంటే ఐదు తరగతులూ రెండోవారి మీద పడతాయి. ఇవాళ కళ్లారా చూశాను. వాళ్లని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

మా తాతయ్య ఇలాంటి మిషన్ బడిలోనే అక్షరాలు దిద్దాడు. మావాళ్లని ఊళ్లో బడి గుమ్మం ఎక్కనివ్వని రోజులవి. బౌడెన్ దంపతులు, బీర్ దంపతులు ఇంగ్లండు నుంచి మిషనరీలుగా 1836లో వచ్చి, ఆ తర్వాత నరసాపురం, పాలకొల్లు వైపు పని మొదలుపెట్టారు. దేవుని వాక్యం ఎవరికి వాళ్లే చదువుకోవాలన్నది వాళ్ల పట్టుదల. తాతయ్య పేటలో అందరి ఉత్తరాలూ చదివిపెట్టేవాడు. మూడో తరగతికి వచ్చినవాడు కొత్త వాక్యం చదవలేకపోతే, కీర్తన ఎంత బాగా అప్పజెప్పినా నాకు సంతోషం కలగదు.

కమిటీకి రాసిన కాగితంలో ఇవి పెట్టాను. రోజూ ఒక గంట తరగతులు కలిపేసి, ఎవరికి ఎంత వచ్చో దాన్నిబట్టి గుంపులుగా కూర్చోబెట్టాలి. ప్రతి పిల్లా వారానికి ఒక్కసారైనా ఒంటరిగా, ముందు చూడని పేజీ చదవాలి. బీరువాలో తాళం వేసి ఉన్న కథల పుస్తకాలు బయటికి తీయాలి, చిరిగితే చిరగనీ. కాలవ వైపు ప్రహరీ లేదు. అది వానాకాలం లోపు కట్టాల్సిందే, దాని మీద చర్చ కూడా అనవసరం.

పంటల పండగ కానుకలతో ఈసారి బడికి రంగులు వేయిద్దామని పెద్దలు అనుకుంటున్నారు. ఆ డబ్బుతో డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న మన సంఘం అమ్మాయిని ఒకర్ని ఏడాదిపాటు పిల్లల్ని చదివించే పనికి పెట్టుకోవచ్చు. అయ్యగారికి ఫోన్ చేసి చెబితే, "పెద్దలు ఒప్పుకోవాలి కదమ్మా" అన్నారు. ఒప్పించడానికి ఆ పలక తీసుకుని వెళ్తాను. ఆ వాక్యం తుడపొద్దని హెచ్చెమ్ గారికి చెప్పే వచ్చాను.