బోరు నీళ్లా, నల్లా నీళ్లా? నల్లగొండ శివారులో ఇల్లు వెతికిన ఏడాది

2024 మార్చి చివర్లో మా ఇంటి ఓనర్ వచ్చి, వాళ్ల అబ్బాయికి పెళ్లి కుదిరిందనీ, మేముండే పోర్షన్ కూడా వాళ్లకే కావాలనీ చెప్పారు. రామగిరిలో ఆ కిరాయి ఇంట్లో మేం తొమ్మిదేళ్లు ఉన్నాం. పాప అక్కడినుంచే మొదటిసారి బడికి పోయింది, బాబు అక్కడే పుట్టాడు. ఆయన మర్యాదగా చెప్పారు, ఏడాది గడువు కూడా ఇచ్చారు. ఆ రాత్రి మా ఆయనా నేనూ కూచుని లెక్కలు వేసుకున్నాం. మళ్లీ కిరాయికి పోవద్దు, ఊరి శివారులోనైనా సరే సొంతది చూసుకుందాం అనుకున్నాం.

నేను నార్కట్‌పల్లి వైపు ఒక ఊళ్లో సర్కారు బడి టీచర్ని. మా ఆయన మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తారు. పొద్దున్నే ఒకరం ఇటు, ఒకరం అటు. పిల్లలిద్దరూ, అత్తమ్మా ఇంట్లో. అందుకే మేం ఇంట్లో లేని ఎనిమిది తొమ్మిది గంటలు వాళ్లు ముగ్గురూ నిశ్చింతగా ఉండగలిగే చోటు కావాలి. మా వెతుకులాట అంతా దీని చుట్టూనే తిరిగింది.

అత్తమ్మది మర్రిగూడ మండలంలో ఒక పల్లె. ఆమె మెడ ఒక్కటే తిప్పి చూడలేదు, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. మోకాళ్లు వంగిపోయాయి. చిన్నప్పటి నుంచి బావి నీళ్లు, తర్వాత బోరింగు నీళ్లు తాగిన ఒళ్లు అది. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలకు పట్టింది. నల్లగొండ వాళ్లకు ఇంతకంటే వివరంగా చెప్పనక్కర్లేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల గోస ఢిల్లీకి తెలియాలని మన దగ్గర 480 మంది పోటీ చేశారు. పుస్తకమంత బ్యాలెట్ చేతికిచ్చారనీ, అందులో గుర్తు వెతకడానికే ఎంతో సేపు పట్టిందనీ అత్తమ్మ ఇప్పటికీ పిల్లలకు చెప్తుంది.

మొదటి ఇల్లు చూడబోయేటప్పుడు నేనూ వస్తానంది. నడవలేవు, ఎందుకమ్మా అని మా ఆయన అన్నారు. వినలేదు. హైదరాబాద్ రోడ్డు వైపు కొత్త వెంచర్‌లో ఇల్లు అది. టైల్స్ మెరుస్తున్నాయి, వంటింట్లో గ్రానైట్ గట్టు, గోడలకు అల్మారాలు. నా కళ్లు వాటి మీదే ఉన్నాయి. అత్తమ్మ ఆటోలోంచి దిగి లోపలికే రాలేదు. పక్కింటి ముందు ముగ్గేస్తున్న ఆమె దగ్గరికి పోయి, "బిడ్డా, మీకు తాగనీకె బోరు నీళ్లా, నల్లా నీళ్లా?" అని అడిగింది.

"ఈడికింకా నల్లా లైను రాలే అవ్వా. బోరే. తాగనీకె క్యాన్లు కొంటం."

అత్తమ్మ తిరిగొచ్చి ఆటోలో కూచుంది. "పోదాం పా," అంది.

నాకు అప్పుడు కొంచెం కోపమొచ్చింది. ఆర్‌వో మిషన్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాను. కానీ ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆమె మాటే నిలబడింది. క్యాను తాగడానికే. అన్నం వండేది, పప్పు ఉడకబెట్టేది, ఆటల నుంచి వచ్చిన పిల్లాడు దోసిలి పట్టి తాగేది ఏ నీళ్లు? ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ ఉన్నది ఇంకా చిక్కబడుతుంది. మన కింద ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతిలోని ఖనిజాల నుంచే ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని ప్రమాణం. ఫ్లోరైడ్ తీసేందుకు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరు 'నల్లగొండ టెక్నిక్'. మన ఊరి పేరు పుస్తకాలకెక్కింది ఇలా.

ఆ రోజు నుంచి ఏ ఇంటికి పోయినా నా సంచిలో ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా ఉండేది. నచ్చిన ఇంటి బోరు నీళ్లు దాంట్లో పట్టుకుని పరీక్షకు ఇచ్చేదాన్ని. ఏడాదిలో ఆరు చోట్ల నీళ్లు చూపించాను. నాలుగింట్లో 1.5 దాటింది. ఒకే వెంచర్‌లో రెండు వీధుల తేడాతో ఒక బోరు మంచిది, ఒకటి కాదు. కాబట్టి "మా ఏరియాలో నీళ్లు బాగుంటయి మేడమ్" అనే మాటను నేను నమ్మను. ఆ బోరు సంగతి ఆ బోరుకే తెలుస్తుంది.

ఇంకో పాఠం ఎండ నేర్పింది. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు కదా, నాకు మధ్యాహ్నాలు దొరికేవి. ఇల్లు చూపించే వాళ్లేమో పొద్దున ఏడింటికి రమ్మనేవాళ్లు, లేకపోతే సాయంత్రం ఆరింటికి. "ఎండల ఏం వస్తరు మేడమ్, సల్లబడ్డంక రాండ్రి" అనేవాళ్లు. నేను పట్టుబట్టి రెండున్నరకే పోయేదాన్ని. నల్లగొండలో ఏప్రిల్, మే నెలల్లో 44 డిగ్రీలు ఏమంత వింత కాదు. ఆ ఎండలో ఇంటి అసలు రంగు బయటపడుతుంది.

వాస్తు ప్రకారం తూర్పు వాకిలి అని చెప్పి చూపించిన ఒక ఇంట్లో రెండు పడకగదులూ పడమటి గోడకే ఉన్నాయి. ఆ గోడ పక్కన ఇల్లు లేదు, చెట్టు లేదు, ఎదురుగా ఖాళీ ప్లాట్లు. లోపల గోడ మీద చెయ్యి పెడితే రొట్టెల పెనం గుర్తొచ్చింది. ఫ్యాను వేస్తే పైనుంచి సెగ దిగింది. అదే ఇంటికి రాత్రి ఎనిమిదిన్నరకు మళ్లీ పోయాం. గోడ ఇంకా కాలుతూనే ఉంది. గుట్ట కింద కట్టిన ఇంకో ఇల్లు చూడ్డానికి ఎంతో అందంగా ఉంది, ఫొటోలో పడితే సినిమాలా ఉంటుంది. కానీ పగలంతా కాగిన బండరాయి చీకటి పడ్డాక సెగలు కక్కుతుంది. లతీఫ్ సాబ్ గుట్ట నీడన పెరిగిన మా తోటి టీచరు ఒకామె ముందే చెప్పింది, "గుట్టకు ఆనుకొని వద్దక్కా, పదకొండింటి దాకా గాలి సల్లబడదు" అని. పగలంతా ఇంట్లో ఉండేది అత్తమ్మ. నా అల్మారాల మోజు కంటే ఆమె పడుకునే గది ముఖ్యం.

జూన్‌లో ఒక ప్లాటు దాదాపు ఖాయం అనుకున్నాం. 150 గజాలు, రోడ్డు వెడల్పు, నల్లా లైను వీధిలోకి వచ్చింది, ధర మాకు అందేది. బయానా ఇద్దామనుకుంటుండగా ఒక రాత్రి గట్టి వాన పడింది. పొద్దున ఆరింటికి స్కూటీ మీద పోయి చూస్తే మా ప్లాటుతో కలిపి నాలుగు ప్లాట్లలో మోకాలి లోతు నీళ్లు. అక్కడే గొర్లు తోలుకుపోతున్న పెద్దాయన్ని అడిగాను. "ఇదెప్పటిసంది చెర్వు శికమే గద బిడ్డా. అలుగు దుంకితె నీళ్లు గిట్లనే పోతయి," అన్నాడు. శికమంటే చెరువు నిండితే మునిగే భూమి. ఆయన చేత్తో చూపించిన దారి, లేఅవుట్ కాగితంలో ముప్పై అడుగుల రోడ్డు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకైతే నిండు మట్టం నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు వదిలి కట్టాలి. ఆ కొలత వేయించుకునే పని కూడా మాకు రాలేదు. వాన పడింది కాబట్టి బతికిపోయాం. అంతకుముందే బయానా ఇచ్చుంటే మా ఆయన రెండేళ్ల జీతం ఆ నీళ్లలోనే ఉండేది.

కాగితాల సంగతి ఇంకా ఎక్కువ విసిగించింది. 2020లో ఎల్‌ఆర్‌ఎస్, అంటే అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం పెట్టినప్పుడు ప్లాటుకు వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు చేసిన రసీదు చాలామంది దగ్గర ఉంది. అమ్మేవాళ్లు ఆ రసీదే చూపించి "ఎల్‌ఆర్‌ఎస్ అయిపోయింది" అంటారు. అది దరఖాస్తు మాత్రమే. ప్లాటు క్రమబద్ధం కావాలంటే పూర్తి ఫీజు కట్టి ప్రొసీడింగ్స్, అంటే మంజూరు కాగితం రావాలి. అలాగే ఇంటి నంబరు ఉంది, పన్ను కడుతున్నారు అంటే ఇంటికి పర్మిషన్ ఉన్నట్టు కాదు. ఈ రెండూ తెలియక మేం ఒక ఇంటి కోసం నెలన్నర తిరిగాం. చివరికి బ్యాంకు లాయరు లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఇల్లు ఇదివరకు చేతులు మారిన పాత కాగితాలు చూసి వద్దన్నారు. ఆయన రాసిచ్చిన ఒక్క పేజీకి ఎప్పుడూ రుణపడి ఉంటాను.

బడి విషయంలో నాకు ముందే కొంత తెలుసు, అయినా ఒక చోట మోసపోబోయాను. శివారులో కొత్తగా వెలిసిన ఒక ప్రైవేటు స్కూలు చాలా నచ్చింది. పెద్ద ఆటస్థలం, శుభ్రమైన మరుగుదొడ్లు. పాపకు ఎనిమిదిలో సీటు కూడా ఇస్తామన్నారు. నేను యూడైస్ కోడ్ (ప్రతి బడికీ సర్కారు ఇచ్చే నంబరు) అడిగి, గుర్తింపు ఎన్నో తరగతి దాకా ఉందో చూపించమన్నాను. ఏడు దాకానే ఉంది. మరి పైవాళ్ల సంగతేంటంటే, "మా బ్రాంచి ఇంకోటుంది మేడమ్, పదో తరగతి పరీక్ష ఆ పేరు మీద రాపిస్తం" అన్నారు. పిల్లలు చదివేది ఒక చోట, హాల్ టికెట్ మీద బడి పేరు ఇంకొకటి. టీచర్‌గా ఇలాంటి పిల్లల టీసీల గోస నేను చూశాను. ఫీజు ఎంతని అడిగే ముందు గుర్తింపు కాగితం అడగండి, అడగడానికి మొహమాటపడకండి.

మేం పాపను సర్కారు హైస్కూల్లోనే వేయాలనుకున్నాం. నా తోటివాళ్లలో కొందరు వింతగా చూశారు. నేను పాఠం చెప్పేది సర్కారు బడిలో. నా బిడ్డకు అది పనికిరాదంటే నేను రోజూ తరగతి గదిలో నిలబడి ఏం చెప్తున్నట్టు? పైగా 2022-23 నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది, లెక్కలకూ సైన్సుకూ స్కూల్ అసిస్టెంట్లు ఉన్నారా లేదా అని అడిగి తెలుసుకున్నాను. ఉన్నారు. మిగిలింది దారి. పాప సైకిల్ మీద పోవాలి. లారీలు తిరిగే బైపాస్ దాటాల్సిన కాలనీలన్నీ ఆ ఒక్క కారణంతో కొట్టేశాను. రెండు మంచి ఇళ్లు అలా పోయాయి. ఇప్పటికీ ఆ నిర్ణయం మీద నాకు అనుమానం లేదు.

బాబుకు మాత్రం ప్రైవేటు స్కూలు బస్సు. వాడి బస్సు రూటులో ఎక్కడా రైలు వంతెన కింద నీళ్లు నిలిచే చోటు లేకుండా చూశాను. 2022 జూలైలో మహబూబ్‌నగర్ దగ్గర మాచన్‌పల్లి, కోడూరు మధ్య రైల్వే అండర్ బ్రిడ్జి నీళ్లలో స్కూలు బస్సు ఇరుక్కుంది. ఊరివాళ్లు పిల్లలందరినీ బయటికి తీశారు. ఆ వీడియో చూసిన తల్లి ఎవరూ దాన్ని మర్చిపోలేరు.

చివరికి పానగల్ వైపు ఒక పాత ఇల్లు దొరికింది. పదేళ్ల కిందటిది, 160 గజాలు, రెండు గదులు, మధ్యలో హాలు. అల్మారాలు లేవు. వంటింట్లో బండ పాతది. కానీ పడకగది ఉత్తరానికి ఉంది, పడమట పక్కింటి రెండంతస్తుల గోడ నీడ మూడింటికే మా వాకిట్లో పడుతుంది. నల్లాలో కృష్ణా నీళ్లు వస్తాయి. నాగార్జున సాగర్ నీళ్లు పుట్టంగండి దగ్గర ఎత్తిపోస్తే, అక్కంపల్లి మీదుగా కాలువలో వచ్చి పానగల్‌ ఉదయ సముద్రం చెరువులో చేరతాయి. ఆ ఇల్లు చూసిన సాయంత్రం అందరం ఛాయా సోమేశ్వరాలయానికి పోయాం. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద కదలకుండా నిలిచే నీడను పిల్లలు చాలాసేపు చూశారు. అత్తమ్మ మెట్ల మీద కూచుని, చెరువు మీంచి వచ్చే గాలికి కొంగు ఆరబెట్టుకుంటూ, "ఈడ పాణం సల్లగున్నది," అంది. మా ఆయన నా వైపు చూశారు.

లోపాలు లేవని కాదు. చెరువు దగ్గర కాబట్టి చీకటి పడితే దోమలు విపరీతం, కిటికీలన్నిటికీ జాలీలు కొట్టించాం. మురికి కాలువ సగం వీధి దాకానే ఉంది. అమ్మినాయన దగ్గర కూడా ఎల్‌ఆర్‌ఎస్ దరఖాస్తు రసీదే ఉండేది. ఫీజు మొత్తం కట్టి ప్రొసీడింగ్స్ చేతికొచ్చాకే రిజిస్ట్రేషన్ అని పట్టుబట్టాం. 2025 మార్చిలో 25 శాతం రాయితీ ఇచ్చినప్పుడు ఆయన కట్టేశారు. ఏప్రిల్‌లో మా పేరు మీదికి మారింది. స్టాంపు డ్యూటీ, మిగతావీ కలిపి 7.5 శాతం. ఈ ఖర్చు మొదటి లెక్కలో రాసుకోక చివర్లో నా గాజులు కుదువ పెట్టాల్సి వచ్చింది. మీరు మొదటి రోజే రాసుకోండి.

గృహప్రవేశానికి ముందు స్లాబు మీద తెల్ల సున్నం రెండు కోట్లు వేయించాం. మే నెలలో ఆ తేడా అరికాళ్లకే తెలిసింది. జూన్ 12న బడులు తెరిచేనాటికి పాప సైకిల్ దారి మూడుసార్లు తిరిగి చూసుకుంది. పద్నాలుగు నిమిషాలు.

ఇంటి బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే 2.1 వచ్చింది. గిన్నెలు, బట్టలు, మొక్కల వరకే దాన్ని ఉంచాం. వాకిట్లో రెండు నల్లాలు పక్కపక్కనే ఉన్నాయి. దిగిన రోజే అత్తమ్మ తన పాత చీర చింపి బోరు నల్లాకు ఎర్ర పేలిక కట్టింది. ఆదివారం బాబు దోస్తులు ఆడుకోవడానికి వస్తే, మంచంలోంచి లేవలేకపోయినా అక్కడి నుంచే కేకేస్తుంది, "ఎర్రది ముట్టకుండ్రి బిడ్డా, పక్కది తాగుండ్రి."