నేను లేని చోట నా వేలిముద్ర

ఒక శుక్రవారం సాయంత్రం బడి నుంచి వచ్చి, కాఫీ తాగుతూ ఫోనులో చదవని సందేశాలు చూస్తుంటే, నా ఖాతా నుంచి పదేసి వేల రూపాయలు తీసినట్లు రెండు సందేశాలు కనిపించాయి. ఒకటి ముందు రోజు ఉదయం 9 గంటల 31 నిమిషాలకు వచ్చింది, రెండోది ఆ శుక్రవారం ఉదయమే 9 గంటల 40 నిమిషాలకు. బడి వేళల్లో ఫోను మోగకుండా చేసి సంచిలో పడేయడం నా అలవాటు కనుక మొదటిది నా కంట పడనే లేదు. ఏటీఎం కార్డు బీరువాలో పెట్టిన చోటే ఉంది, ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, తెలియని లింకు ఏదీ నొక్కలేదు. సందేశం చివర మాత్రం ఏఈపీఎస్ అని ఉంది. ఇరవై ఆరేళ్లుగా లెక్కలు చెబుతున్న దాన్ని, నా సొంత లెక్కలో వచ్చిన ఆ అక్షరాలకు అర్థం తెలియక మా తమ్ముడికి ఫోను చేయాల్సి వచ్చింది.

ఆధార్ ఆధారిత చెల్లింపుల వ్యవస్థకు అది పొట్టి పేరు. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నడిపే ఈ ఏర్పాటులో ఖాతా నుంచి నగదు తీయడానికి కావలసినవి మూడే: ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర. పిన్ అడగదు, ఓటీపీ అడగదు. ఒక విడతకు 10,000 రూపాయలు పరిమితి. బ్యాంకు శాఖ లేని పల్లెలో ఉపాధి హామీ కూలి డబ్బో పింఛనో ఊళ్లోనే చేతికి అందాలన్న ఉద్దేశంతో వచ్చిన సదుపాయం ఇది, ఆ మేరకు మంచిదే. నేను మాత్రం దాన్ని ఎన్నడూ కోరలేదు, ఒక్కసారి కూడా వాడలేదు. ఖాతాకు ఆధార్ జోడించిన నాడే నా తరఫున ఆ తలుపు కూడా తెరుచుకుందని ఇరవై వేలు పోయాక తెలిసింది.

ఆ రాత్రే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అవతలి ఉద్యోగి ఓపికగా లావాదేవీ సంఖ్యలు రాసుకుని ఫిర్యాదు నంబరు పంపించాడు. మర్నాడు మూడో శనివారం కావడంతో బ్యాంకు తెరిచే ఉంది. రాతపూర్వకంగా ఫిర్యాదు పట్టుకుని వెళితే, అక్కడి అధికారి తెర మీద వివరాలు చూసి, "టీచరుగారూ, ఇందులో మోసానికి చోటు లేదండీ. మీ వేలిముద్ర సరిపోతేనే యంత్రం డబ్బు ఇస్తుంది. ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని ఎక్కడికైనా తీసుకెళ్లి వేలు పెట్టించారేమో గుర్తు తెచ్చుకోండి" అన్నారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు. కానీ వేలిముద్ర నాది కాబట్టి వచ్చింది కూడా నేనే అయి ఉండాలన్న ఆ తీర్మానం ముందు, నేను బడిలో ఉన్నానన్న నా మాటకు ఏ విలువా లేకపోయింది. సంతకం ఫోర్జరీ అయిందంటే పోల్చి చూస్తారు, తాళం పోయిందంటే నమ్ముతారు, వేలు పోలేదు కదా మరి!

ఆ శనివారం మధ్యాహ్నం తమ్ముడు చెప్పగా మైఆధార్ పోర్టల్ తెరిచి, నా ఆధార్‌ను ఎవరెవరు ఎప్పుడు సరిచూశారో తెలిపే చరిత్ర తీశాను. గడిచిన ఆరు నెలల వివరాలు, గరిష్ఠంగా యాభై నమోదుల దాకా అక్కడ కనిపిస్తాయి. గురువారం వరుసలు ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్లున్నాయి. ఉదయం 9 గంటల 24 నిమిషాలకు వేలిముద్రతో ప్రయత్నం, విఫలం, పక్కన 300 అనే కోడు. 9 గంటల 26కి మళ్లీ అదే, 9 గంటల 29కి మళ్లీ అదే. 9 గంటల 31కి సఫలం. 300 అంటే ముద్ర సరిపోలలేదని అర్థం. ఎవరో ఒక మనిషి ఎక్కడో ఒక బల్ల ముందు కూర్చుని, నా బొటనవేలి నకలును తుడుచుకుంటూ, సర్దుకుంటూ, కొంచెం గట్టిగా నొక్కుతూ ఏడు నిమిషాల పాటు నేనవడానికి ప్రయత్నించి, నాలుగోసారికి నేనయ్యాడు. డబ్బు పోయినప్పుడు కలగని జలదరింపు ఆ నాలుగు వరుసలు చదివినప్పుడు కలిగింది.

ఆరు నెలలకు మించి చరిత్ర ఎందుకు లేదో తర్వాత తెలుసుకున్నాను. సరిచూసిన వివరాలను ఏళ్ల తరబడి దాచుకునేలా నిబంధనలుండేవి. పౌరులు ఎప్పుడు ఎక్కడ ఏ పని చేశారో ప్రభుత్వం చేతిలో పోగుపడుతుందన్న అభ్యంతరంతో, 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆధార్‌ను నలుగురు ఒకవైపు, జస్టిస్ చంద్రచూడ్ ఒక్కరు మరోవైపుగా సమర్థిస్తూనే, ఆ వివరాలను ఆరు నెలలకు మించి ఉంచరాదని చెప్పింది. నా గోప్యత కోసం పెట్టిన గడువే నా దగ్గరి సాక్ష్యానికీ గడువయింది. ఆ గడువుతో నాకు పేచీ లేదు. నష్టపోయినవారు మాత్రం ఆ పేజీని ముందుగా భద్రపరుచుకోవాలి, నేను ఆ పూటే అచ్చు తీసి దాచాను.

పోలీసు స్టేషనులో ఎస్సైగారు నా కథంతా విని అడిగిన మొదటి ప్రశ్న నేను ఊహించనిది. "మేడమ్, ఈ మధ్య ఏమైనా రిజిస్ట్రేషన్ చేయించారా?"

చేయించాం. నాన్నగారి నుంచి వచ్చిన అరవై సెంట్ల పొలాన్ని, నేనూ తమ్ముడూ కలిసి అంతకు మూడు నెలల ముందు అమ్మాం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి 2001లో చేర్చిన 32ఎ సెక్షను ప్రకారం దస్తావేజుతో పాటు ఫోటోలు, వేలిముద్రలు జతపరచాలి. గళ్లు గీసిన ఆ కాగితం మీద ఫోటో పక్కన, నల్ల సిరాతో ఎడమచేతి బొటనవేలి ముద్ర పడుతుంది, గీత గీత లెక్కపెట్టుకోగలిగినంత స్పష్టంగా. దస్తావేజు లేఖరి మా ఆధార్ సంఖ్యలను పన్నెండంకెలూ విడమరిచి మొదటి పేజీలోనే రాశారు. అప్పుడు అది ఆయన శ్రద్ధ అనుకున్నాను. స్థిరాస్తి దస్తావేజుల పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చునని, నకలు పొందవచ్చునని అదే చట్టంలోని 57వ సెక్షను చెబుతుంది. భూమి కొనేవాడు మోసపోకూడదన్నది దాని ఉద్దేశం. తమాషా ఏమిటంటే, ప్రైవేటు సంస్థలు ఆధార్‌ను వాడుకునేందుకు దారి ఇచ్చినందుకు సుప్రీంకోర్టు కొట్టివేసిన భాగం ఆధార్ చట్టంలో ఉన్నదీ 57వ సెక్షనులోనే.

తెలంగాణలో 2018లోనే ఒక సిమ్ కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ వెబ్‌సైటు నుంచి దించుకున్న దస్తావేజుల్లోని వేలిముద్రలతో రబ్బరు స్టాంపుల్లాంటి నకళ్లు తయారుచేసి, వేల సిమ్ కార్డులను ఎవరెవరి పేర్ల మీదో చాలు చేసి పట్టుబడిన సంగతి ఎస్సైగారే గుర్తుచేశారు. ఇక ఆధార్ సంఖ్య దొరకడం అంతకంటే సులువు. 2017లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ, తాను పరిశీలించిన నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలోనే పదమూడు కోట్ల దాకా ఆధార్ సంఖ్యలు బయటపడి ఉండవచ్చని తన నివేదికలో పేర్కొంది, ఆ నాలుగింటిలో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వి. నా ముద్ర మా దస్తావేజు నుంచే వెళ్లిందని ఇప్పటికీ రుజువు కాలేదు. సిమ్ తీసుకున్నప్పుడు "సరిగా పడలేదు, ఇంకోసారి పెట్టండి" అన్న దుకాణంలో కావచ్చు, మరెక్కడైనా కావచ్చు.

ఆ వారాల్లో నేను కలిసిన ప్రతి అధికారీ, ఫోనులో పలికిన ప్రతి గొంతూ చెప్పిన మాట ఒకటే: "మీ బయోమెట్రిక్ వివరాలు పూర్తి భద్రంగా ఉన్నాయి." వాళ్లు అబద్ధం చెప్పలేదనే నా నమ్మకం. ఆధార్ చట్టంలోని 29వ సెక్షను వేలిముద్రలు, కంటిపాపల సమాచారాన్ని ఏ కారణం చేతనైనా సరే ఎవరికీ ఇవ్వరాదని శాసిస్తుంది, ఆ గిడ్డంగి నుంచి నా ముద్ర బయటికి వచ్చి ఉండకపోవచ్చు. కానీ నా వేలు ఆ గిడ్డంగిలో మాత్రమే లేదు కదా. ముట్టుకున్న గ్లాసు మీద ఉంది, సిరాలో ముంచి ఇచ్చిన కాగితాల మీద ఉంది. దాన్ని నా గుర్తుగా వాడుకోవడం ఒక ఎత్తు, రహస్య సంకేతంగా వాడటం మరో ఎత్తు. పిన్ పోతే మార్చుకుంటాను. ఉన్న పది వేళ్లలో దేన్ని మార్చుకోను?

బ్యాంకుతో వ్యవహారం తేలడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక వ్యవస్థలో మరెక్కడో ఉన్నప్పుడు, మూడు పనిదినాల్లోగా తెలియజేసిన ఖాతాదారుకు బాధ్యత ఉండదు. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి, తొంభై రోజుల్లో తేల్చాలి, ఖాతాదారుదే తప్పని రుజువు చేసే భారం బ్యాంకుది. ఈ ఉత్తర్వు నకలు జతచేసి రెండో ఉత్తరం రాసేదాకా తాత్కాలిక జమ ఊసే లేదు. ఇక నేను ఆ సమయంలో బడిలోనే ఉన్నానన్నదానికి ఆధారం అడిగారు. ప్రధానోపాధ్యాయుడి ధ్రువపత్రం ఇచ్చాను. దాన్ని పక్కన పెట్టి, అంతకంటే గట్టిది కావాలన్నారు. అప్పుడు గుర్తొచ్చింది: మా రాష్ట్రంలో ఉపాధ్యాయులకు 2022 ఆగస్టు నుంచి ముఖ గుర్తింపు హాజరు ఉంది. అది వచ్చినప్పుడు మా ముఖాలను ఎక్కడ దాస్తారని గొంతెత్తినవాళ్లలో నేనూ ఒకదాన్ని. గురువారం ఉదయం 8 గంటల 52 నిమిషాలకు ఆ యాప్ నా ముఖాన్ని బడిలో గుర్తుపట్టింది. డబ్బు తీసిన చోటు మా బడికి నూట ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. నా వేలు చెప్పిన అబద్ధాన్ని నా ముఖం ఖండిస్తే తప్ప, నా మాట చెల్లలేదు. ఎనభై ఆరో రోజున డబ్బు ఖాయంగా జమ అయింది.

బయోమెట్రిక్‌లకు తాళం మాత్రం ఆ మొదటి శనివారమే వేశాను. ఎంఆధార్ యాప్‌లో గానీ మైఆధార్ పోర్టల్‌లో గానీ, నమోదైన ఫోనుకు వచ్చే ఓటీపీతో రెండు నిమిషాల పని. ఆపైన ఎవరు వేలు పెట్టినా యంత్రం 330 అనే కోడు చూపించి నిరాకరిస్తుంది, ఓటీపీతో సాగే పనులు మాత్రం మామూలుగానే సాగుతాయి. నమ్మకం కుదరక, మా వీధి చివర, బ్యాంకు తరఫున వేలిముద్రతో నగదు ఇచ్చే బ్యాంక్ మిత్ర దగ్గరికి వెళ్లి వంద రూపాయలు తీయబోయాను. 330 కనబడగానే ఆ అబ్బాయి "మీది లాక్ అయిపోయిందండీ" అని నొచ్చుకుంటే, నాకు మాత్రం పరీక్ష పాసయినంత సంతోషమైంది.

అదే ఊపులో అమ్మదీ లాక్ చేశాను. నాన్నగారు పోస్టల్ శాఖలో చేసినందువల్ల అమ్మకు కుటుంబ పింఛను వస్తుంది, ఏటా నవంబరులో జీవన ధ్రువపత్రం ఇవ్వాలి. నేను బడిలో ఉండగా ఆవిడ పక్కింటావిడతో వెళ్లి వేలు పెడితే 330 వచ్చింది. తన వేలే తనది కాదంటోందని ఇంటికొచ్చి కంగారు పడింది. ఆమె ఆధార్‌కు ఉన్నది నా ఫోను నంబరే. పది నిమిషాలు తాత్కాలికంగా తెరిచే వీలుంది, మర్నాడు సెలవు పెట్టి నేనే వెంట వెళ్లి తెరిచాను. అంటే అమ్మ శరీరానికి తాళంచెవి నా సంచిలో ఉంది.

మా బడిలో వంట చేసే ఆయాకైతే ఆ మాత్రం దారీ లేదు. నా సంగతి విని, "టీచరమ్మా, నాకూ ఆ తాళం వేసి పెట్టు" అంది. చూస్తే ఆమె ఆధార్‌కు ఉన్న నంబరు ఎప్పుడో పోయిన సిమ్‌ది, ఓటీపీ వచ్చే చోటే లేదు. నంబరు మార్పించి తాళం వేసినా, బియ్యం తీసుకోవడానికీ, సెలవుల్లో చేసే ఉపాధి పని డబ్బు తీసుకోవడానికీ ఆమెకు వేలే ఆధారం. కార్డులూ చెక్కులూ ఉన్న నాలాంటి వాళ్లం నిశ్చింతగా వేసుకోగల తాళం, ఆ వేలి మీదే బతుకు వెళ్లేవాళ్లకు ప్రతి నెలా తీసి వేయాల్సిన బరువు. చివరికి ఆమె ఖాతాలో నిల్వ ఉంచుకోకుండా, కూలి పడిన రోజే మొత్తం తీసేసుకోవడమే నయమని ఇద్దరం అనుకున్నాం. భద్రత గురించి నేను ఇచ్చిన సలహా అంతకు మించి లేదు.

మొన్న వేసవిలో తమ్ముడు ఇంటి స్థలం కొంటూ నన్ను సాక్షిగా రమ్మన్నాడు. దస్తావేజులో ఆధార్ చివరి నాలుగంకెలు మాత్రమే రాయమని లేఖరిని అడిగాను. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని, "అందరివీ పూర్తిగానే రాస్తామమ్మా, తిప్పి పంపితే మళ్లీ నేనే రాయాలి" అన్నారు. తిప్పి పంపితే ఆ ఖర్చు నాదన్నాక, నాలుగంకెలే రాశారు. ఎవరూ తిప్పి పంపలేదు. తమ్ముడు మాత్రం 32ఎ కాగితం ముందు వంగి, సిరా అంటిన ఎడమ బొటనవేలిని గడిలో ఆనించాడు. గుమాస్తా ఆ వేలు పట్టుకుని, ఇటు చివర నుంచి అటు చివరకు నెమ్మదిగా దొర్లించి, "బాగా పడిందండీ" అన్నాడు.