పుట్టగొడుగులు ఆకాశం నుంచి దిగాయా?

పుట్టగొడుగుల సిద్ధబీజాలు అంతరిక్షంలో కొట్టుకువచ్చి భూమి మీద పడి ఉంటాయన్న ఊహను అమెరికన్ రచయిత టెరెన్స్ మెకెన్నా బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఉదయగిరి దగ్గర మా చేను గట్టున, ఉరుములతో వాన కురిసిన మర్నాడు చెదపుట్ట పక్కన తెల్లగా లేచిన గొడుగులను చూసినప్పుడు నాకు ఆ ఊహ గుర్తుకు వచ్చింది. ఉరిమితేనే అవి మొలుస్తాయని మా అవ్వ గట్టిగా నమ్మేది. ఆమె లెక్కన అవి సగం ఆకాశానివే.

అయితే ఒకదాన్ని మెల్లగా తవ్వి చూస్తే, గట్టి కాడ కింద సన్నని తోక లాంటి భాగం జానెడుకు పైగా మట్టిలోకి దిగి, పుట్ట లోపల చెదలు పెంచుకునే బూజు గూడు వైపు సాగి ఉంది. చెదలకూ ఈ శిలీంధ్రానికీ ఉన్న పొత్తు సుమారు 3 కోట్ల ఏళ్ల నాటిదని శాస్త్రవేత్తల అంచనా. ఇంతగా ఈ మట్టితో పెనవేసుకున్నదాన్ని పరాయిదని ఎలా అనగలం? పైగా శిలీంధ్రాలు మొక్కల కన్నా జంతువులకే దగ్గరి చుట్టాలని, వాటి డీఎన్‌ఏ కూడా మన జన్యు సంకేతాన్నే వాడుకుంటుందని ఎప్పుడో తేలింది.

2001లో కేరళలో ఎర్రవాన కురిసినప్పుడు, అందులోని కణాలు గ్రహాంతర జీవులని కొందరు వాదించారు. ప్రభుత్వం చేయించిన పరీక్షల్లో మాత్రం అవి ట్రెంటెపోలియా అనే శైవలపు సిద్ధబీజాలని వెల్లడైంది.

శిలీంధ్రాల ఓర్పును నేను తక్కువ చేయడం లేదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వెలుపల ఏడాదిన్నర పాటు ఉంచిన లైకెన్లలో (శిలీంధ్రం, శైవలం కలిసి ఒకే జీవిలా బతికేవి) కొన్ని ప్రాణంతోనే తిరిగి వచ్చాయి. అయినా ఇక్కడి నుంచి తీసుకువెళ్లినవి అక్కడ బతికాయనడానికే అది సాక్ష్యం.