బైట్ అంటే కొరికిన ముక్క

లక్ష్మీనారాయణ అని టైప్ చేస్తే మా ప్రోగ్రాం 'లక్ష్మ' దగ్గరే కోసేసింది. పక్కన నల్లటి డైమండ్‌లో ఒక ప్రశ్నార్థకం. పేరు గడికి 20 బైట్లు (బైట్ అంటే కంప్యూటర్‌లో స్థలానికి కొలత) చాలని నిర్ణయించింది నేనే. ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ పేరుకు 15 బైట్లే కావాలి కాబట్టి పరీక్షించినప్పుడు ఏ తేడా కనబడలేదు. తెలుగులో దానికి 39 కావాలి. 'లక్ష్మ' వరకు 18 బైట్లు అయిపోయాయి. గుడిదీర్ఘానికి 3 కావాలి, మిగిలినవి రెండే. మనిషి పేరు అలా తెగి కనిపిస్తే చాలా కష్టంగా అనిపించింది.

బైట్ అంటే ఒక అక్షరం అని నేర్చుకున్నాను, అలాగే నమ్మాను. అది ఎక్కడ తప్పిందో తెలుసుకుందామని ఆ మాట పుట్టుకలోకి వెళ్లాను.

1956లో ఐబీఎం స్ట్రెచ్ అనే కంప్యూటర్‌ను రూపొందిస్తున్నప్పుడు అక్కడి శాస్త్రవేత్త వెర్నర్ బుఖోల్ట్జ్ పెట్టిన పేరు అది. బిట్ అన్న మాట అప్పటికే ఉంది, అంటే 0 లేదా 1 అనే ఒక్క అంకె. బైనరీ డిజిట్‌ను కుదించి గణిత శాస్త్రవేత్త జాన్ ట్యూకీ సూచిస్తే, సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ 1948లో తన వ్యాసంలో వాడాడు. ఇంగ్లిష్‌లో బిట్ అంటే చిన్న ముక్క కూడా. అలాంటి ముక్కల్ని యంత్రం ఒక్కసారిగా ఎన్ని కొరుకుతుందో, ఆ కొరుకే బైట్. అయితే ఇంగ్లిష్‌లో 'కొరుకు' అనే మాట (bite) చివరి అక్షరం జారిపోతే బిట్ (bit) అయిపోతుంది. అందుకే మధ్యలో ఐ తీసి వై పెట్టారు (byte). తెలుగు లిపిలో ఆ బెంగ లేదు, గుడికీ ఐత్వానికీ తేడా ఎవరికైనా కనబడుతుంది.

నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి. మొదట్లో బైట్‌కు ఇంత అని కొలత లేదు. ఒక బిట్ నుంచి ఆరు బిట్ల దాకా ఎంతైనా బైటే. తర్వాత అదే స్ట్రెచ్ పనిలో ఎనిమిదికి పెంచారు. 1964లో ఐబీఎం కంప్యూటర్ల శ్రేణి సిస్టమ్/360 వచ్చాక ఎనిమిది స్థిరపడుతూ వచ్చింది. పీడీపీ-10 అనే పాత కంప్యూటర్ మీద మాత్రం ప్రోగ్రామర్ తనకు కావలసినట్టు 1 నుంచి 36 బిట్ల దాకా బైట్ తీసుకోగలిగేవాడు. ఈ గందరగోళం వద్దనే నెట్‌వర్క్ ప్రమాణాలు ఆక్టెట్ అని రాస్తాయి, అంటే కచ్చితంగా ఎనిమిది. ఫ్రెంచి వాళ్లు ఈనాటికీ ఆ మాటే వాడతారు.

అంటే బైట్ అన్న మాట అక్షరాన్ని కొలవడానికే పుట్టింది కాదు. ఎనిమిది బిట్లతో 256 విలువలు వస్తాయి, ఇంగ్లిష్ అక్షరాలు అందులో హాయిగా పట్టేశాయి, అంతే. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన, అన్ని లిపుల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు హల్లుకు 3 బైట్లు, పొల్లుకు 3, గుణింతపు గుర్తుకు మరో 3. మన కంటికి ఒక్కటే అక్షరమైన 'క్ష్మీ'కి 18 బైట్లు!

ఆ గడిని పెద్దది చేశాం. అది ఒక్కటే చాలదని, ఎప్పుడైనా కోయాల్సి వస్తే పూర్తి అక్షరం అయ్యాకే కోసేలా మార్చాను. కొత్త ఫారం ఏది తయారైనా నేను మొదట టైప్ చేసే పేరు లక్ష్మీనారాయణ.