ఒకే మడుగు దగ్గరికి తొమ్మిది సార్లు

మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక చిత్తడి నేల ఉంది. ఒక పక్క ఒత్తుగా పెరిగిన జమ్ము, మధ్యలో తామరలు, కలువలు, ఇవతల లోతు లేని చిన్న మడుగు. ఏళ్ల తరబడి దాని పక్క నుంచే తిరిగాను కానీ ఎప్పుడూ ఆగి చూడలేదు. ఎనిమిదేళ్ల మా అమ్మాయి ఒకరోజు "ఆ నీళ్లలో ఏముంటాయమ్మా?" అని అడిగితే కప్పలు, చేపలు అన్నాను. "ఇంకా?" అంది. నా దగ్గర జవాబు లేదు. తనని, తనతో ఆడుకునే మరో నలుగురు పిల్లల్ని తీసుకెళ్లి చూద్దామనుకున్నాను. ఏడాది తిరిగేసరికి తొమ్మిది సార్లు వెళ్లాం, ప్రతిసారీ అదే మడుగుకి, అదే అంచుకి.

మొదటిసారి చాలా హడావుడిగా తయారై వెళ్లాను. పక్షులు, పురుగులు, మొక్కల పేర్లు రాసిన కాగితం ఒక్కొక్కరికీ ఇచ్చి, కనిపించినదాని పక్కన టిక్కు పెట్టమన్నాను. గంటన్నర పాటు చుట్టూ తిప్పాను. అదిగో కొంగ, అది నీటికాకి, ఇది లకుముకి పిట్ట అని చూపిస్తూనే ఉన్నాను. మా చప్పుడుకి సగం పిట్టలు ముందే లేచిపోయాయి. పిల్లలు టిక్కులు పెట్టడంలో పోటీ పడి, అరగంటకే నీరసపడిపోయారు. ఇంటికొచ్చాక ఏం చూశావని అడిగితే మా అమ్మాయి "బురద" అంది. కాసేపు ఆలోచించి, "నువ్వు చూపించిన కొంగ" అంది. ఆ మాట నాకు బాగా తగిలింది. చూసింది నేను, వాళ్లు కాదు. పిల్లల చేతికి జాబితా ఇస్తే టిక్కు పడగానే చూడటం ఆగిపోతుందని ఇప్పటికీ నా నమ్మకం.

ఆ రోజు జరిగిన మంచి పని ఒకటే. వచ్చినవాళ్లలో పెద్దవాడికి పన్నెండేళ్లు. చిన్నపిల్లలతో తిరగడం ఇష్టం లేక దూరంగా నిలబడ్డాడు. ఏదో ఒక పని అప్పగిద్దామని, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అక్కడ ఒక కర్ర పాతమన్నాను. పాతి, దాని మీద 1 అని చెక్కాడు.

రెండోసారి వెళ్లేముందు నేనొక్కదాన్నే వెళ్లి మడుగంతా చూసుకున్నాను. పొడవాటి కర్రతో గుచ్చి, ఎక్కడ నేల గట్టిగా ఉంది, ఎక్కడ కాలు దిగబడుతుంది, ఎక్కడ లోతు ఒక్కసారిగా పెరుగుతుంది అన్నది తెలుసుకున్నాను. పిల్లలు కూర్చోడానికి గట్టి నేల ఉన్న ఒక్క చోటే ఎంచుకున్నాను. నీళ్లలోకి దిగడం లేదు, అంచున మోకాళ్ల మీద కూర్చుని చూడటమే. ఐదుగురు పిల్లలకి ఇద్దరు పెద్దవాళ్లం ఉండేలా, ఒక పాప వాళ్ల నాన్నని కూడా రమ్మన్నాను. కాళ్లకి మూసి ఉండే బూట్లు, నిండా ప్యాంటు. గడ్డిలో అడుగు వేసేముందు కర్రతో తట్టాలి, ఎందుకంటే అక్కడ పాములుంటాయి, అది వాటి ఇల్లు. చేతి మీద గీత పడినా ప్లాస్టర్ వేసే పంపేదాన్ని. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు, ఆ క్రిములు గాయాల్లోంచి, కళ్లు, ముక్కు, నోటిలోంచి కూడా లోపలికి వెళ్తాయి. అందుకే తిరిగి రాగానే సబ్బుతో చేతులు కడగాల్సిందే. దోమల క్రీము మాత్రం బట్టలకీ కాళ్లకీ పరిమితం. చేతులకి రాసుకుని నీళ్లలో పెడితే, అది నీటిలోని చిన్న ప్రాణులకి హాని చేస్తుంది.

ఈసారి మూడు మీటర్ల తాడు ముక్కలు తీసుకెళ్లాను. రెండు కొసలూ ముడివేసి గుండ్రంగా పరిస్తే దాదాపు మీటరు వెడల్పు వలయం వస్తుంది. సగం నేల మీద, సగం నీటి మీద పడేలా వేసి, ఇద్దరికొకటి ఇచ్చాను. పావుగంట ఆ వలయంలోపలే చూడాలి, బయటికి పోకూడదు. నేను ఒక్క పేరు కూడా చెప్పను. ఏం కనిపించింది, ఎందుకలా ఉందనిపిస్తోంది, ఈ రెండే అడుగుతాను.

మొదటి మూడు నిమిషాలు "ఏమీ లేదు ఆంటీ" అన్నారు. నోరు మూసుకుని కూర్చోవడం నాకే కష్టమైంది. ఐదో నిమిషం దాటాక మెల్లగా గొంతులు మారాయి. నీటి మీద పరుగులు పెట్టే సన్నకాళ్ల పురుగుని చూస్తున్న ఆరేళ్ల పాప, "కాళ్లేమో దారాల్లా ఉన్నాయి, కింద నీడ మాత్రం గుండ్రంగా పెద్దగా ఉంది" అంది. నేను వంగి చూశాను. నిజమే, మడుగు అడుగున నాలుగు నల్లటి గుండ్రటి మచ్చలు పురుగుతో పాటే కదులుతున్నాయి. దాని కాలు ఆనిన చోట నీటి పైపొర చిన్న గుంటలా దిగుతుంది, ఆ గుంట దగ్గర వెలుతురు వంగిపోతుంది, అందుకే నీడ కాలికన్నా ఎంతో పెద్దది. నాకు నలభై ఏళ్లు, ఆ పురుగుని కొన్ని వందల సార్లు చూసి ఉంటాను, దాని నీడని ఎప్పుడూ చూడలేదు. మా అమ్మాయి తన వలయంలో ఇంకోటి పట్టింది: ఒక ఆకుకి అంచు నుంచి కాడ దాకా చీలిక ఉంది, పక్కదానికి లేదు. చీలిక ఉన్నది కలువ, నిండు గుండ్రంగా ఉన్నది తామర. పువ్వు లేకపోయినా ఈ రెంటినీ విడదీయగలదు ఇప్పుడు.

మూడోసారి వల, తెల్ల ట్రే తీసుకెళ్లాం. వల అంటే కొన్నది కాదు, పెద్ద జల్లెడ గరిటెని కర్రకి కట్టాం. ముందు ట్రేలో రెండు మూడు వేళ్ల లోతు మడుగు నీళ్లే పోయాలి. వలని బురదలోకి తోయకుండా నాచు, మొక్కల మధ్య మెల్లగా లాగాలి. ట్రేలో బోర్లించాక రెండు నిమిషాలు ఎవరూ ముట్టుకోకూడదు. ఆకుల చెత్తలా కనిపించేదంతా అప్పుడు కదలడం మొదలుపెడుతుంది. ట్రే నీడలోనే ఉండాలి, పది నిమిషాలు కాగానే తీసిన చోటే నీటికి దగ్గరగా వంచి వదలాలి. భూతద్దం ఎలా పట్టుకోవాలో కూడా చూపించాల్సి వచ్చింది. పిల్లలు దాన్ని వస్తువు మీద పెట్టి దూరం నుంచి చూస్తారు. పది రెట్లు పెద్దగా చూపే చిన్న అద్దాన్ని కంటికి ఆనించుకుని, చూసేదాన్నే దగ్గరికి తెచ్చుకోవాలి.

ఆ రోజు ట్రేలో మట్టిరంగు పురుగొకటి కదలకుండా కూర్చుంది. సాలీడన్నారు. కాళ్లు లెక్కపెట్టమంటే ఆరున్నాయి, కాబట్టి కాదు. వాళ్లు బొమ్మ గీస్తుండగానే దోమ పిల్ల ఒకటి దాని ముందుకి వచ్చింది. పురుగు ముఖం కిందినుంచి చెయ్యిలాంటిది ఒకటి చటుక్కున సాగి, దోమ పిల్లని పట్టి నోట్లోకి లాక్కుంది. ఐదుగురూ ఒక్కసారి అరిచారు. బొమ్మలు పూర్తయ్యాకే అది తూనీగ పిల్ల అని చెప్పాను. ఆ సాగినది దాని కింది పెదవి, మడిచి ముఖం కింద దాచుకుంటుంది. అది ఊపిరి తీసే మొప్పలు పొట్ట చివర, లోపలున్నాయి. అక్కడికి పీల్చిన నీటిని గట్టిగా వెనక్కి చిమ్మి ముందుకి దూసుకుపోతుంది. ఇది చెప్పాక పిల్లలు చాలాసేపు దాన్నే చూశారు. పురుగులంటే భయపడే పాప అందరికన్నా దగ్గరగా కూర్చుంది. అదే ట్రేలో ఎర్రగా, సన్నగా ఉన్న పురుగులు కూడా దొరికాయి. మన నెత్తుట్లో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్ వాటి ఒంట్లోనూ ఉంటుంది, అందుకే ఆక్సిజన్ చాలని బురదలో కూడా బతుకుతాయి.

తర్వాతిసారి మాత్రం బాధపడాల్సి వచ్చింది. ఒక బాబు తోక కప్పల్ని సీసాలో నింపుకుని, మాకు చెప్పకుండా ఇంటికి తీసుకెళ్లాడు. సీసా ఎండ పడే కిటికీలో పెట్టాడు, సాయంత్రానికి అన్నీ చచ్చిపోయాయి. వాడు ఏడుస్తూ మా ఇంటికి వచ్చాడు. నేను కోప్పడలేదు. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గిపోతుందని, మడుగులో అయితే అవి నీడకీ లోతుకీ వెళ్లిపోగలవని చెప్పాను. వాటిని ఇద్దరం కలిసి మట్టిలో పూడ్చాం. తప్పు నాదే, వెళ్లేముందు సంచులు చూసుకోవాల్సింది. ప్రాణమున్నదేదీ ఇంటికి రాకూడదన్న నియమం ఆ తర్వాత పిల్లలే పెట్టుకున్నారు. వల, ట్రే కూడా ప్రతిసారీ కడిగి ఎండబెట్టేవాళ్లం, ఒక నీటిలోని జబ్బులూ మొక్కలూ ఇంకో నీటికి పోకుండా.

ఆ బాబుకే ఆరోసారి జమ్ము ఆకుని పట్టుకుని ఉన్న ఖాళీ తొడుగు దొరికింది. వీపు చీలి ఉంది, లోపల తెల్లటి దారాలు వేలాడుతున్నాయి. మనం ట్రేలో చూసిన తూనీగ పిల్లదే ఇది అని నేను చెప్పకముందే గుర్తుపట్టాడు. ఆ దారాలు దాని ఊపిరి గొట్టాల లోపలి పొర. ఇందులో ప్రాణం లేదు కదా, తీసుకెళ్లనా అని అడిగాడు. అగ్గిపెట్టెలో దూది పరిచి ఇచ్చాను.

కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు వినడం, వినిపించిన దిక్కున కాగితం మీద గుర్తు పెట్టడం కూడా చేశాం. ఆటగా బాగుంది కానీ మా పిల్లల్ని అంత కట్టిపడేయలేదు.

వాళ్లని కట్టిపడేసింది కర్రలు. నేను ఊరికే చెప్పిన పనిని పెద్దబ్బాయి ఒక్కసారి కూడా మానలేదు. వెళ్లినప్పుడల్లా నీటి అంచున కొత్త కర్ర పాతి, అంకె చెక్కి, మధ్య దూరం అడుగులతో కొలిచి పుస్తకంలో రాసేవాడు. వానలు తగ్గాక రెండో కర్ర, మూడో కర్ర లోపలికి జరుగుతూ వచ్చాయి. ఏడో కర్ర దాదాపు మధ్యలో ఉంది. ఎనిమిదోసారి వెళ్తే పాతడానికి అంచే లేదు. మడుగంతా పెళ్లలు పెళ్లలుగా బీటలు వారి ఉంది. మా అమ్మాయి బిక్కమొహం పెట్టింది. "నీళ్లే లేవు కదమ్మా, ఇది ఇంక చిత్తడి నేల కాదా?"

1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో చిత్తడి నేలల కోసం దేశాల మధ్య ఒక ఒప్పందం జరిగింది. నీళ్లు ఏడాదంతా ఉన్నా, కొంతకాలమే ఉన్నా, సహజంగా ఏర్పడినా, మనుషులు తవ్వినా చిత్తడి నేలే అని అందులో ఉంది. ఆ మాట చెప్పాను కానీ తన ముఖం చూస్తే సరిపోలేదని తెలిసింది. అందుకని చిన్న పారతో తవ్వాం. జానెడు లోతుకి తేమ తగిలింది, మట్టి నల్లగా మారింది, కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. నీళ్లు నిలిచిన మట్టికి గాలి అందదు, గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు చేసే వాయువుదే ఆ వాసన. ఆ నల్లమట్టిలో జమ్ము వేళ్ల చుట్టూ మాత్రం ఇటుకరంగు గీతలున్నాయి. "మట్టికి తుప్పు పట్టింది" అన్నాడు పెద్దబ్బాయి. సరిగ్గా అదే. జమ్ము తన ఆకుల్లోని గాలి గదుల గుండా వేళ్లకి గాలి పంపుతుంది, వేళ్ల నుంచి కొంచెం బయటికి వస్తుంది, అది తగిలిన చోట మట్టిలోని ఇనుము తుప్పు పడుతుంది. ఒక ఆకుని అడ్డంగా కోసి చూపిస్తే ఆ గదులన్నీ కనిపించాయి. ఇంకాస్త పక్కన తవ్వితే గుల్ల తలుపు బిగించుకుని నిద్రపోతున్న నత్త దొరికింది. మా అమ్మాయి దాన్ని ఒక్క క్షణం అరచేతిలో పెట్టుకుని, తీసిన గుంటలోనే పెట్టి, తనే మట్టి కప్పింది.

మొదటి పెద్ద వానలు పడిన వారానికి తొమ్మిదోసారి వెళ్లాం. దూరం నుంచే కప్పల అరుపులు. పిల్లలు వలలు, ట్రేలు నా చేతిలో వదిలేసి కర్రల కోసం పరుగెత్తారు. నాలుగు నుంచి ఏడు దాకా నీట మునిగిపోయాయి. నీళ్లు మూడో కర్ర మొదట్లో ఆడుతున్నాయి. పెద్దబ్బాయి అక్కడినుంచి మొదటి కర్ర దాకా నడిచి, మళ్లీ ఒకసారి నడిచి చూసుకుని, పుస్తకంలో తేదీ వేసి రాశాడు: "మొదటి కర్రకి ఇంకా పదకొండు అడుగులు." దాని కింద వచ్చే వారానికి ఒక గీత ఖాళీగా వదిలాడు.