టాంకు నిండితేనే వాసన

మంచం కింద మూత ఎత్తి, టార్చి పట్టుకుని, తల లోపలికి దూర్చి వాసన చూస్తున్నా. మోటార్‌హోమ్‌కి (ఇల్లులా లోపలే ఉండగలిగే బండికి) ఇంజను వెనకుంటే ఇంతే, దాని మీదే పడుకోవాలి మరి.

టాంకు నిండా కొట్టించినప్పుడే ఈ డీజిల్ కంపు. సగానికి దిగితే మాయం. అంటే కారేది టాంకు పైభాగంలోనే అయ్యుండాలి: ఫ్యూయల్ సెండర్ (టాంకులో డీజిల్ ఎంతుందో మీటరుకి చెప్పే పరికరం) కింద కారకుండా ఆపే గాస్కెట్టో, డీజిల్ నింపే గొట్టమో, గాలి పోయే సన్న పైపో.

అంతా శుభ్రంగా తుడిచి, అతుకుల చుట్టూ టాల్కం పౌడరు చల్లి, బండిని కాసేపు తిప్పుకొచ్చా. సెండర్ దగ్గర ఒక పక్క పౌడరు తడిసి ముద్దయింది. దొరికాడు దొంగ!

తమాషా ఏంటంటే, కిటికీలన్నీ మూసి పైకప్పు ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే వాసన ఇంకా పెరుగుతుంది. బయటికి తోసేసిన గాలికి బదులు కింది సందుల్లోంచే కదా లాక్కునేది! పైగా కాసేపు లోపలుంటే ముక్కు మొద్దుబారి అసలేమీ తెలీదు. మధ్యమధ్యలో దిగి బయట నిలబడి రావాల్సిందే.

గాస్కెట్టు మార్చడం పెద్ద పనేం కాదు. కార్పెట్‌కి పట్టిన కంపుతోనే తంటా, డీజిల్ పెట్రోలులా తొందరగా ఆవిరైపోదుగా. చిట్కాలుంటే చెప్పండి. అగరుబత్తి మాత్రం చెప్పకండి, ఈ పరిస్థితుల్లో అగ్గిపుల్ల గీసే ఉద్దేశం నాకు లేదు.